మోగని అలారం

మధులత అమీర్‌పేటలో కోర్సు చేసి పంజాగుట్టలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. ఆస్పత్రి మంచం పక్కన రోగి గుండె వేగం చూపించే ప్రోగ్రామ్ వాళ్లది. గుండె తడబడితే తెర ఎర్రబడి అలారం మోగాలి. అది విండోస్ కంప్యూటర్ల మీదా, లైనక్స్ కంప్యూటర్ల మీదా నడవాలి. రెండింటికీ కోడ్‌ని కూర్చి ప్యాకేజీ తయారుచేయడం, అంటే బిల్డ్, ఆమె పని.

అలారం శబ్దం కోసం బయటివాళ్లు రాసిపెట్టిన కోడ్, అంటే ఒక లైబ్రరీ, వాడేవారు. లైనక్స్ మెషీన్లలో అది ఒకదాంట్లో ఉంటే ఇంకొకదాంట్లో ఉండేది కాదు. దొరకనప్పుడల్లా బిల్డ్ ఆగిపోయేది. మేనేజర్ హనుమత్ప్రసాద్‌కి విసుగొచ్చింది.

"ఏంటమ్మా రోజూ ఈ గోల? ఉంటే కలుపు, లేకపోతే వదిలేసి ముందుకెళ్లేట్టు రాయి."

"గట్ల రాస్తే సౌండ్ లేదని ఎవ్వరికీ తెల్వది సార్. వార్నింగన్నా పెడ్త."

"పెట్టుకో. బిల్డ్ మాత్రం ఆగకూడదు."

పెట్టింది. బిల్డ్ జరిగేటప్పుడు తెర మీద పరుగెత్తే వందల వరుసల్లో ఆ హెచ్చరికా ఒక వరుస. కొన్నాళ్లకు ఆమే చదవడం మానేసింది.

ఆ వేసవిలో బిల్డ్ మెషీన్ మార్చారు. కొత్తదాంట్లో ఆ లైబ్రరీ లేదు. బిల్డ్ సాఫీగా పూర్తయింది. పరీక్షలు విండోస్ మీదే చేశారు, అలారం గట్టిగా మోగింది. లైనక్స్ ప్యాకేజీ ఎర్రమంజిల్ దగ్గర ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్లింది.

అక్కడ బుచ్చయ్య అనే రోగి మిట్టమధ్యాహ్నం పోయాడు. తెర ఎర్రబడింది గానీ చప్పుడు లేదు. నర్సు చిలకమ్మ అవతలి మంచం దగ్గర సెలైన్ పెడుతోంది. నిర్లక్ష్యమని ఆమెను తీసేశారు.

కబురు తెలిసి మధులత ప్యాకేజీ తెరిచి చూసింది. సౌండ్ లైబ్రరీ లేదు. వెంటనే వెళ్లి హనుమత్ప్రసాద్‌కి చెప్పింది.

"నర్సు తప్పని వాళ్లే తేల్చారుగా," అన్నాడు హనుమత్ప్రసాద్. "ఆ కోడ్ రాసింది నువ్వు. అది మర్చిపోకు."

ఆమె నర్సింగ్‌హోమ్ డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. సౌండ్‌తో కొత్త ప్యాకేజీ వచ్చింది, మధులత ఉద్యోగం పోయింది. చిలకమ్మను మాత్రం మళ్లీ పిలవలేదు.

మధులత అడ్రస్ కనుక్కుని కృష్ణానగర్‌లో చిలకమ్మ గదికి వెళ్లింది. జరిగిందంతా విని చిలకమ్మ తలుపు వైపు చెయ్యి చూపించింది.

"నాకెందుకు చెప్తున్నవ్? బుచ్చయ్య పెండ్లాం నా మొఖం మీద ఉమ్మేసింది. పో, ఆమెకు చెప్పు."

వెళ్లింది. బుచ్చయ్య ఇంటికి తాళం. ఊరికి పోయిన్రని పక్కింటావిడ చెప్పింది. ఏ ఊరో ఆమెకూ తెలియదు.