వంక లేని పిల్ల

గోపాలపట్నం మార్కెట్లో పోతమ్మ గంప ముందు నిలబడి చేపకి వంక పెట్టడమంటే, పోయిపోయి తగువు కొనితెచ్చుకోవడమే. "మెత్తగా ఉన్నట్టుందే" అంటూ ఎవరైనా కానాగంత పొట్ట మీద వేలు పెట్టారా, అయిపోయింది వాళ్ళ పని. "మెత్తగున్నాది నీ ఏలు తల్లీ, నా సేప కాదు! తెల్లారగట్ల హార్బర్లో ఏలంపాటలో నిలబడి తెచ్చినాను. దాని కళ్ళు సూడు, నిన్నే సూత్తన్నాది!" అంటుంది. వరుసంతా గొల్లుమంటుంది. వేలు పెట్టినావిడ కూడా నవ్వేసి కొనుక్కుపోతుంది.

ఒక్క మాట చెప్పుకోవాలి. చెడిపోయిన చేప పోతమ్మ ఏనాడూ అమ్మలేదు. కాస్త అనుమానం తగిలినా పక్కకి తీసి ఉప్పేసి ఎండబెట్టేస్తుంది. కానీ ఆ సంగతి పక్క గంప చిట్టమ్మకి కూడా తెలియనివ్వదు. వంకలు పెట్టడం కొనేవాళ్ళ పని, మనది మనం దిగదీసుకోకూడదని అత్త నేర్పింది. ముప్పై ఏళ్ళుగా ఆ పాఠాన్ని గంపతో సరిపెట్టకుండా ఇంటిదాకా లాక్కొచ్చింది మహాతల్లి. కొడుకు మంచోడు, కోడలు రాధ బంగారం, హార్బరు పక్కనున్న ఇంటికప్పు కారదు. ఇక మనవరాలు శ్రీసత్య మాటెత్తితే చాలు, "మా సత్యకి వంకే నేదు" అని మార్కెట్టంతా వినబడేలా చెబుతుంది. ఆ పిల్ల పక్కనే కూర్చుని వింటూ ఉంటుంది.

శ్రీసత్యకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. తండ్రి బోటెక్కితే పది పన్నెండు రోజులకి గానీ ఒడ్డుకి రాడు. రాధ రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్టులకి పోతుంది. పిల్ల తిండీ నిద్రా బడీ అన్నీ మామ్మ చేతుల మీదే. బడిలో మాత్రం పోతమ్మ కేకలు పనిచెయ్యలేదు. పిల్ల బెంచీ మీద నిలవదు, ఉన్నట్టుండి కిటికీ దగ్గరికి వెళ్ళిపోతుంది, లెక్క సగంలో వదిలేస్తుంది. ఒక బడి ఇదివరకే వద్దంది. ఇప్పుడు రెండో బడి కూడా ఆ దారే పట్టింది. నెలాఖరులోగా పిల్లని పరీక్ష చేయించి రిపోర్టు తెండి, లేకపోతే టీసీ తీసుకోండి అని కబురు పెట్టింది.

క్లాసు టీచర్ సుధారాణి పోతమ్మని పక్కకి పిలిచి చెప్పింది. "భయపడకు పోతమ్మా. పిచ్చి పరీక్ష కాదిది. పిల్ల మెదడు ఎక్కడ చురుగ్గా ఉందో, ఎక్కడ తడబడుతోందో చూస్తారు. రిపోర్టులో ఉంటే పరీక్షల్లో టైమెక్కువిస్తారు, నేను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పొచ్చు. పంపించెయ్యడానికి కుదరదు."

పోతమ్మకి అందులో సగం ఎక్కింది. సత్య ఈ బడిలో ఉండాలంటే ఆ కాయితం కావాలి, అంతే కదా. తను సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేస్తుంది. మనవరాలు అలా కాకూడదని ఆవిడ ప్రాణం.

రుషికొండ వెళ్ళే దారిలో ఉంది ఆ క్లినిక్. పోతమ్మ రెండుసార్లు స్నానం చేసి, పూలు పెట్టుకుని, మనవరాలి జడలకి రిబ్బన్లు బిగించి బస్సెక్కించింది. సైకాలజిస్టు నీలిమకి ముప్పై ఏళ్ళుంటాయేమో, మెత్తగా మాట్లాడుతుంది. రెండు రోజులు పొద్దున్నే పిల్లని గదిలో కూర్చోబెట్టి ఏవేవో చేయించింది. రంగు దిమ్మలు పేర్పించింది, అంకెలు చెప్పి తిరిగి చెప్పించింది, కథ చదివి ప్రశ్నలడిగింది. మధ్యలో లేచి తిరుగుతానంటే తిరగనిచ్చింది. పిల్ల బయటికొచ్చి "మేడం తిట్నేదు మామ్మా" అంది వింతగా.

తరవాత పోతమ్మ వంతు. ఇంట్లో పిల్లతో ఎక్కువసేపు ఉండేది ఆవిడే కాబట్టి ఆవిడే చెప్పాలట. నీలిమ ఒక్కో ప్రశ్నా చదివి, ఎప్పుడూ లేదా, అప్పుడప్పుడా, తరచుగానా అని అడిగింది.

"వస్తువులు పారేసుకుంటుందా?"

"నేదమ్మా."

"చెప్పిన పని మధ్యలో మర్చిపోతుందా?"

"మా సత్యా? అబ్బే!"

"తింటూ తింటూ లేచిపోతుందా?"

"కూకుందంటే కంచం కాళీ అయ్యేదాకా కదల్దు."

నలభై ప్రశ్నలకీ నలభైసార్లు లేదంది. నలభై చేపలు ఒక్క వంకా లేకుండా అమ్మేసిన దానిలా బయటికొచ్చింది. బస్సులో మనవరాలికి జీళ్ళ ప్యాకెట్టు కొనిపెట్టింది కూడా.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది, ఓసారి రమ్మని. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుంది. పోతమ్మ గంప చిట్టమ్మకి అప్పగించి పిల్లని తీసుకుని పరుగెత్తింది. నీలిమ పిల్లని తెర అవతల బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ ముందు రెండు కాగితాలు పరిచింది.

"ఇది ఇవే ప్రశ్నలకి టీచరుగారు రాసింది. ఇది మీరు చెప్పింది. ఇద్దరూ ఒకే పిల్ల గురించి చెప్పినట్టు లేదమ్మా. శ్రీసత్య తెలివైన పిల్ల, కథ చెబితే పెద్ద పిల్లల కంటే బాగా అర్థం చేసుకుంది. కానీ ధ్యాస నిలవడం లేదు, అది పరీక్షల్లో కనబడింది. అయితే ఈ ఇబ్బంది బడిలోనూ ఇంట్లోనూ రెండుచోట్లా ఉంటేనే నేను దానికి పేరు పెట్టి రాయగలను. ఇంట్లో ఏమీ లేదని మీరంటున్నారు. ఇలాగే రాసిచ్చాననుకోండి, పిల్లకేమీ లేదు, కావాలనే అల్లరి చేస్తోందని బడివాళ్ళు అంటారు."

పోతమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే ఏటమ్మా? నా పిల్లకి నన్నే వంక పెట్టమంటావా? పరాయోళ్ళ ముందు కూకొని మా పిల్ల ఇలాటిది, అలాటిదని నా నోటితో సెప్పాలా? నావల్ల కాదు!"

"లేనిది చెప్పమనడం లేదు. ఉన్నదే చెప్పండి" అంది నీలిమ. రెండు కాగితాలూ ఆవిడ వైపు జరిపి మళ్ళీ అంది. "మీరు లేదన్న ప్రతిదానికీ సాయం కూడా లేకుండా పోతోందమ్మా, ఆ పిల్లకి."

పోతమ్మ లేచి నిలబడింది. తలుపు దాకా వెళ్ళింది. వెళ్ళి ఏం చెయ్యాలి? పిల్ల టీసీ తెచ్చుకుని రేపట్నించి గంప పక్కన చేప పొలుసు గీకాలా?  వెనక్కొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఎవరి సంగతో చెబుతున్నట్టు మెల్లిగా మొదలెట్టింది.

"ఈ ఏడు ఆరు వాటర్ బాటిళ్ళు పోగొట్టినాది. ఒక సెప్పు బస్సులో ఒదిలేసి ఒంటి సెప్పుతో వచ్చినాది. ఉప్పు తెమ్మని పంపితే ఉప్పు మాటే మర్సిపోయి సముద్రం ఒడ్డున కూకుంటాది. నాలుగు ముద్దలు తినీసరికి లేసిపోతాది, నాను కంచం అట్టుకుని ఎనకాల తిరుగుతాను. ఎదురింటి పిల్లని తోసీసినాది, తరవాత అదే ఏడిసినాది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎర్ర గీతలు కొట్టిన నోటుపుస్తకాలు పాత వలల కింద దాసేత్తాది. కొళాయి ఇప్పేసి నీళ్ళ సప్పుడులో ఏడుత్తాది, నాకు ఇనబడదనుకుంటాది. దాన్ని నాను ఎలా సెప్పీదమ్మా నీకు?"

ఇక ఆగలేదు ఆవిడకి. మార్కెట్టంతటినీ ఒక్క కేకతో నవ్వించే మనిషి, ఆ చల్లటి గదిలో వెక్కివెక్కి ఏడ్చింది. నీలిమ నీళ్ళిచ్చి, ఆవిడ తేరుకున్నాక ఒక్కొక్కటీ ఎప్పట్నించో, ఎన్నిసార్లో ఓపిగ్గా అడిగి రాసుకుంది. "చాలమ్మా. ఇప్పుడు రాయగలను. శుక్రవారానికి రిపోర్టు మీ చేతిలో ఉంటుంది. బడివాళ్ళతో నేనే మాట్లాడతాను" అంది. పోతమ్మ కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి, తెర పక్కన శ్రీసత్య నిలబడి ఉంది.

ఎప్పట్నించి నిలబడిందో! పోతమ్మకి తల కొట్టేసినట్టయింది. పిల్ల ఏడవలేదు, అలగలేదు. కళ్ళు ఇంతింత చేసుకుని అడిగింది.

"నోటుపుస్తకాలు వలల కింద దాసినట్టు నీకెప్పుడు తెలిసింది మామ్మా?"

"దాసినరోజే తెలిసింది."

"కొళాయి సంగతీ?"

"అదీ తెలుసు."

"మరి బడోళ్ళలాగ నువ్వూ ఒగ్గీనేదేటి నన్ను?"

"ఒగ్గీడమేటే పిచ్చిమొకమా?" అంది పోతమ్మ. 

శ్రీసత్య ఆ మాటని లోపలే రెండుసార్లు తిప్పుకున్నట్టుంది. ఉన్నట్టుండి నీలిమ వైపు తిరిగింది. "మేడంగారూ, ఇంకోటున్నాది. అది మామ్మకి తెల్దు. టీచర్ పాఠం సెప్తే మొదట్లో ఇనబడుతాది. తరవాత టీచర్ నోరు కదుల్తాది గానీ ఏటంటన్నాదో నాకు తెల్దు. మళ్ళీ ఇనబడీసరికి అందరూ రాసేత్తంటారు."

నీలిమ కలం ఆగింది. "ఈ మాట ఎవరికైనా చెప్పావా అమ్మా?"

"నేదు."

"ఎందుకని?"

పిల్ల మామ్మని ఓసారి చూసి, కాలి బొటనవేలితో నేల గీరింది. "నాకు వంకే నేదని మామ్మ అందరికీ సెప్తాది కదా" అంది.

ఆ మాట పోతమ్మకి సూటిగా గుండెలో దిగింది.  తరవాత కుర్చీలో పక్కకి జరిగి చోటు చేసింది. "ఇలా రా, కూకో. ఇంకేటేటున్నాయో అన్నీ సెప్పు. నాను ఇంటాను" అంది.