తాళం వేసిన తోటలో స్వాతి

కాపలాదారు తాళం తీసేసరికి మా అక్క కూతురు స్వాతి కొలను పక్కన రాతిబల్ల మీద కూర్చుని ఉంది. నాలుగేళ్ల పిల్ల. కాళ్లకు బూట్లున్నాయి. లేసులు రెండేసి ముడులతో బిగించి ఉన్నాయి. లేసు కట్టుకోవడం దానికి రాదు.

దయ్యాలను నేనేనాడూ నమ్మలేదు. విజయవాడలో ఇరవై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. అలాంటి కబురు తెచ్చినవాళ్లను సాక్షి ఎవరని అడిగి పంపేసేవాణ్ణి.

ఎనభైల మొదట్లో, ఏప్రిల్‌లో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఉంటున్న అక్క దగ్గరికి వెళ్లాను. ఒకప్పటి మిల్లు యజమాని కట్టించిన భవనం, దాని తోటల్లో తులిప్ పూలు చూపిస్తానని ఓ ఆదివారం నన్నూ స్వాతినీ తీసుకెళ్లింది. భవనం మెట్ల దగ్గర అక్క బూట్లు విప్పేసింది, స్వాతివీ విప్పించింది.

"ఇది గుడి కాదక్కా."

"ఎవరిదైనా ఇల్లేగా! నోర్మూసుకుని విప్పు."

లోపల గదులు చూస్తుండగా పిల్ల కనిపించలేదు. బయటికొస్తే మెట్ల దగ్గర మా రెండు జతలే ఉన్నాయి.

అక్క ఏడవలేదు. కంకర దారిలో వట్టికాళ్లతోనే పరుగెత్తింది. "నువ్వటు పో. దొరికేదాకా ఆగొద్దురా!" గంటసేపు ప్రతి పొదా వెతికాం. చివరికి ఎత్తయిన గోడల మధ్య ఒక తోట మిగిలింది. మరమ్మతుల కోసం చలికాలం నుంచీ మూసే ఉందని, పిల్ల అందులోకి వెళ్లే వీల్లేదని కాపలాదారు చెప్పాడు. తాళం తీసి చూపిస్తేగాని కదలనని అక్క గేటు పట్టుకుని నిలబడింది.

"లేసులెవరు కట్టారే?" అని, గేటు తెరిచి లోపలికి వెళ్లాక స్వాతిని అడిగాను.

"ఆంటీ కట్టింది మావయ్యా. వాటర్ దగ్గర వెళ్లొద్దు చెప్పింది. హ్యాండ్ పట్టుకుంది."

ఆ రోజు వాన లేదు. పిల్ల గౌను పొడిగానే ఉంది. స్వెటర్ కుడిచెయ్యి మాత్రం, మణికట్టు చుట్టూ, తడిసి ఉంది.

స్వాతి ఆంటీ అనేది మన ఆడవాళ్లనే. తెల్లవాళ్లను పేర్లతోనే పిలుస్తుంది. అందుకని నా పద్ధతిలో విచారించాను. గోడ చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఎక్కడా సందు లేదు. ఉన్నది ఒకటే గేటు. తాళంచెవి పొద్దుటి నుంచీ కాపలాదారు నడుముకే ఉంది. ఆ కొలనులో ఎవరైనా పడి చనిపోయారా అని భవనం సిబ్బందిని అడిగితే, తమకు తెలిసి లేదన్నారు. మరుసటి వసంతంలో మళ్లీ వెళ్లి, పాత పనివాళ్లనూ కలిశాను. వాళ్లూ అదే మాటన్నారు.

ఆ భవనానికి వచ్చినవాళ్లందరూ పుస్తకంలో సంతకం చేయాలి. ఆ ఆదివారం పేజీలన్నీ చదివాను. మనవాళ్ల పేర్లు మా కుటుంబానివి తప్ప ఇంకెవరివీ లేవు.