తూనీగ ఫొటో

మొన్న గాంధీనగర్ ఇంట్లో, దోమలు కుట్టకుండా మా పాప కాళ్ళకు వేపనూనె రాస్తుంటే, ఆ ఘాటు వాసనకు మా ఊరు హచ్చొళ్ళిలోని వరిమడి గట్టు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్ళు. వ్యవసాయ కాలేజీలో చదివే మా చిన్నత్త సెలవులకు వచ్చి, మా పొలంలో పురుగుల ఫొటోలు తీసేది. నేను ఆమె వెంటే తిరిగేదాన్ని. నన్నూ ఒక్కటి తీయమని అడగాలని ఆశ, అడగడానికి సిగ్గు. ఒకరోజు అత్త ఉన్నట్టుండి కెమెరా నావైపు తిప్పింది.

“కదలద్దు పాపా, అట్లే ఉండు! అబ్బ, ఎంత చెన్నాగుండాదో!”

నేను పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను. అంతలో ఎర్రచీమలు పాదాల మీదికెక్కి, కరుస్తూ మోకాళ్ళ దాకా వచ్చాయి. కదిలితే ఫొటో చెడిపోతుందని, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా నవ్వు మాత్రం ఆపలేదు.

“అయిపాయె” అని అత్త అనగానే గట్టు మీద గంతులేశాను. ఆమె కంగారుగా చీమలు దులిపి, నన్ను ఊరడించడానికి ఫొటో చూపించింది. అందులో ఒక ఎర్ర తూనీగ, దాని కింద నా భుజం.

“నేను యాడుండా అత్తా?”

“నిన్ను తీయలేదే. నీ భుజం మీద తూనీగ కూర్చునింటే దాన్ని తీస్తి.”

ఇంట్లో అవ్వ నా కాళ్ళకు వేపనూనె పూస్తూ అత్తను తిట్టింది. “పురుగుల ఫొటోకని బిడ్డను చీమలకు మేత పెడ్తివి కదమ్మే!”

మరునాడు అత్త నన్నే గట్టు మీద నిలబెట్టి బోలెడు ఫొటోలు తీసింది. ఏ పురుగూ తనను అంత సతాయించలేదని ఇప్పటికీ అంటుంది. ఆ ఫొటోలు చూస్తే నాకూ ఆమె మీద జాలేస్తుంది. ఒక్కదాంట్లోనూ నా మొహం లేదు, పాపిడే ఉంది. చీమలున్నాయేమోనని వంగి కాళ్ళే చూసుకుంటున్నాను.