అక్క చెలక దాకా
హైదరాబాదు సాగర్ రోడ్డు పట్టుకుని మా ఇబ్రహీంపట్నం మీదికి ఎగబడుతున్న రోజులవి. ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలు, వెంచర్లు. నేను ఒక కాలేజీ బస్సు డ్రైవర్‌ని. పొద్దున ఎక్కిన సీటు సాయంత్రం దాకా దిగేవాణ్ణి కాదు. సందు చివర కిరాణా కొట్టుకి కూడా బండి మీదే పోయేవాణ్ణి. పొట్ట స్టీరింగ్‌కి తగిలేది. షుగర్ వచ్చింది, రోజూ నడవమన్నారు. నా వల్ల కాదు పొమ్మన్నాను.

మా అక్క సంగతి వేరు. అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు, అక్కకి పదమూడు. నన్ను చంకనేసుకుని కూలికి పోయి పెంచింది. బావ చనిపోయాక ఆమెకు మిగిలింది ఊరి బయట ఎకరం చెలక. చుట్టూ ఉన్న భూములన్నీ ప్లాట్లయిపోయాయి. నడుమ అక్క టమాట తోట ఒక్కటి నిలిచింది. వెంచర్ వాళ్ళు అడిగారు, బతిమాలారు, తర్వాత బెదిరించారు. "నా చెలక నేనెందుకు అమ్మాలె? పో" అంది అక్క.

ఒక ఆదివారం పొద్దున్నే ఫోను. "తమ్మీ, కడీలు పీకుతుండ్రు. ఉరికిరా!"

బండి మీద దూసుకుపోయాను. వెంచర్ వాళ్ళు దారికి అడ్డంగా కందకం తవ్వారు. బండి అక్కడే పడేసి గట్టు మీద పరుగెత్తాను. పరుగా అది! సగం దూరం పోయేసరికి ఊపిరాడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయాను. అరుద్దామంటే గొంతు లేవలేదు. కళ్ళు మాత్రం పనిచేశాయి. తెల్లచొక్కావాడు ఒకడు అక్కను జుట్టు పట్టి ఈడ్చాడు. పీకేసిన హద్దు కడీ రాయి మీద ఆమె ముఖం వేసి కొట్టాడు. పడిపోయాక కూడా నడుం మీద తన్నాడు. ఇదంతా నేను నిలబడి చూశాను.

నేను చేరేసరికి వాళ్ళు జీపెక్కి పోయారు. అక్క పెదవి చీలిపోయింది, ముందు పన్ను ఊడి అరచేతిలో ఉంది. ఆ నెత్తుటి చేత్తోనే నాకు నీళ్ళ సీసా అందించి, "జర కూసో తమ్మీ, నీ మొకం నల్లగైంది" అంది. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

కేసు పెట్టాం, వాయిదాలు మొదలయ్యాయి. అక్కకు కుట్లు వేయించిన దవాఖానలో ఒక నర్సమ్మ ఉండేది. కోస్తా మనిషి, వనస్థలిపురం నుంచి బస్సులో వచ్చేది. నా షుగర్ కాగితం చూసి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"షుగర్ సంగతి తర్వాత చూద్దాంలెండి. మీకు ఈ లోకంలో అన్నిటికంటే ముఖ్యమైంది ఏంటండీ?"

"మా అక్క" అన్నాను ఆలోచించకుండా.

"అయితే ఆవిడ కోసం నడవండి. మందులాగా కాదు, అక్కగారిని చూడటానికే వెళ్తున్నాననుకోండి. చేను ఎంత దూరం?"

"మూడు కిలోమీటర్లు."

"అంతేగా!"

మర్నాడు బండి తాళం ఇంట్లోనే వదిలి బయలుదేరాను. మొదటి వారం పిక్కలు పట్టేసి ఏడుపొచ్చింది. చాయ్ బండి దగ్గర ఒకడు "ఏందన్నా, డీజిల్ అయిపోయిందా?" అని ఇకిలించాడు. "నోర్ముయ్, పళ్ళు రాల్తయ్" అన్నాను. నెల తిరిగేసరికి ఆగకుండా పోగలిగాను, మూడు నెలలకి పరుగెత్తగలిగాను. షుగర్ దిగింది, నర్సమ్మ మురిసిపోయింది. అక్క అయితే పొద్దున్నే గట్టు మీదికొచ్చి ఎదురు చూసేది. జొన్న అంబలి గ్లాసు చేతికిచ్చి, నేను తాగుతుంటే నా ముఖంలోకే చూసేది. "సన్నగైనవ్ రా, మంచిగున్నవ్" అనేది. ఊడిన పన్ను సందు కనిపించేలా నవ్వేది.

ఇప్పుడైనా నిజం చెప్పాలి. నర్సమ్మకు అక్క పేరు చెప్పాను కానీ, నడుస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు అక్క లేదు. ఆ తెల్లచొక్కావాడి మెడ ఉంది. అడుగు వేసినప్పుడల్లా దాన్నే తొక్కేవాణ్ణి. కాళ్ళు గట్టిపడుతున్న కొద్దీ, వాడు ఇంకొక్కసారి వస్తే బాగుండు అని మొక్కుకునేవాణ్ణి. అక్క చెలక మీదికి గొడవ రావాలని మొక్కుకున్న తమ్ముణ్ణి నేను.

వచ్చారు. ఒక పొద్దున నేను కందకం దాటేసరికి జేసీబీ టమాట సాళ్ళలో దిగి ఉంది. పక్కన వాడే, ఇంకో ఇద్దరు. పరుగెత్తాను. ఈసారి ఊపిరి ఎక్కడా తెగలేదు. దారిలో పడి ఉన్న పార అందుకుని, దాని కట్టె వైపుతో వాడి భుజం మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడుకి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. తక్కిన ఇద్దరూ జారుకున్నారు. వాడు కింద పడి చేతులు జోడించాడు. కడుపులో తన్నాను, నోటి మీద తన్నాను. పార తిప్పి పట్టి ఇనుప వైపు తలకు గురిపెట్టి ఎత్తాను.

"వద్దు తమ్మీ, సస్తడు!" అక్క అడ్డం పడింది.

చూశాను. ఆపగలిగేవాణ్ణి, ఆపలేదు. తప్పుకోవే అని అరుస్తూనే దించాను. ఆమె ఎత్తిన చేతి మీద పడింది. మణికట్టు దగ్గర చెయ్యి వేలాడిపోయింది. జేసీబీ డ్రైవర్ దిగి పారిపోయాడు. తెల్లచొక్కావాడు పాకుతూ పోయాడు. నేను పార కింద పడేశాను.

దవాఖానలో కట్టు కడుతూ నర్సమ్మ "మళ్ళీ వాళ్ళేనాండీ?" అని అడిగింది.

"కాదమ్మా, కడీ తగిలి పడ్డ" అంది అక్క. నర్సమ్మ నా చొక్కా మీది నెత్తురు చూసింది.

వాళ్ళు మళ్ళీ రాలేదు. చెలక ఇప్పటికీ అక్కదే. కానీ ఆ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది.

ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తుంటే అక్క ఏడ్చింది. పన్ను ఊడినప్పుడు ఏడవని మనిషి. నొప్పిగా ఉందా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"దినాం నన్ను చూస్తందుకే నడ్శి వస్తున్నవనుకున్న తమ్మీ" అంది.