ఎడింబరో రెబ్కా

మా ఆడపడుచు రెబ్కాను మా పల్లెలో ఎడింబరో రెబ్కా అంటారు. గుంటూరు కూడా పెళ్ళిళ్ళకీ ఆసుపత్రికీ తప్ప చూడని పిల్లకి ఆ పేరేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఇదిగో, ఇక రాసి పెడుతున్నాను.

స్కాట్లాండులో ఎడింబరో అని పాత నగరం ఒకటుంది. కొండ కొమ్మున కోట, కోట నుంచి దిగివచ్చే రాళ్ళు పరిచిన వీధి, వీధికి అటూ ఇటూ మనిషి దూరే సందులు. ఆగస్టు వచ్చిందంటే ఆ వీధుల్లో తిరునాళ్ళే. నిప్పుల కాగడాలు ఎగరేసేవాళ్ళు, ఒళ్ళంతా వెండిరంగు పూసుకుని బొమ్మల్లా నిలబడేవాళ్ళు, తోలుతిత్తి సన్నాయిలు ఊదేవాళ్ళు. అక్కడ యాత్రికులను నడిపించి చూపించే కంపెనీ ఒకటి ఉంది. దారి తప్పినవాళ్ళో, టిక్కెట్టు పోగొట్టుకున్నవాళ్ళో, బాత్రూం ఎక్కడని వెతుక్కునేవాళ్ళో ఆ కంపెనీకి ఫోను చేస్తే, అది అద్దంకి పక్కన మా పల్లెలో, మా నడిమింట్లో మోగుతుంది. రెబ్కా చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని పలుకుతుంది. అక్కడివాళ్ళకి ఆమె పేరు బెక్కీ. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నదీ చెప్పకూడదని కంపెనీ రూలు. చెప్తే ఉద్యోగం పోతుంది.

ఈ ఉద్యోగం వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. గోడమీద చర్చి క్యాలెండరు పక్కన ఆ ఊరి పటం అంటించి, రాత్రింబగళ్ళు వీధుల పేర్లు వల్లె వేసింది. "ఒంగోలు పటం నేర్చుకున్నా పనికొచ్చేదే, ఈ కోటలూ పేటలూ నీకెందుకే" అన్నాను. మొదట్లో ఎవరు దారి అడిగినా మన అలవాటు కొద్దీ తూర్పుకి పోండి, ఉత్తరం వీధి పట్టుకోండి అని చెప్పేదట. మబ్బు పట్టిన ఆ ఊళ్ళో తూర్పేదో, పడమరేదో తెలియక వాళ్ళు తిట్టుకునేవాళ్ళు. కుడీ ఎడమా నేర్చుకుంది. మూడేళ్ళలో ఆ ఊళ్ళో ఏ మూల ఏ కొట్టుందో కళ్ళు మూసుకుని చెప్పే స్థితికి వచ్చింది.

ఆ కోట మీద రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారు. ఆదివారం మాత్రం సెలవు. అక్కడ ఒంటిగంటంటే మాకు సాయంత్రం ఐదున్నర. "ఫిరంగి పేలింది వదినా" అని రెబ్కా అంటే నేను టీ పెట్టాలి. అంగన్‌వాడీ నుంచి వచ్చి నడుం వాలుద్దామంటే ఆ పాడు ఫిరంగి ఒకటి నా ప్రాణానికి.

ఆ రోజు కూడా టీ పొయ్యి మీద పెట్టాను. బయట మబ్బు కమ్ముకొస్తోంది. మా ఆయన ప్రకాష్ లోడు వేసుకుని గుంటూరు యార్డుకి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. రెబ్కా గొంతు మారడం వంటింట్లోకే వినిపించింది. ఎప్పుడూ తేనె పూసినట్టు మాట్లాడే పిల్ల ఒక్కసారిగా గబగబా అడుగుతోంది. వెళ్ళి చూశాను. అటునుంచి ఏమంటున్నారో ఎప్పటికప్పుడు మైకు మూసి నాకు తెలుగులో చెబుతోంది.

ఫోను చేసినావిడ పేరు డొరతి, ముసలావిడ. భర్త లెన్ను తీసుకుని ఇంగ్లండు పల్లె నుంచి ఊరు చూడటానికి వచ్చింది. ఆయనకి మతిమరుపు జబ్బు. ఆ ఊళ్ళో ఒక కుక్క విగ్రహం ఉంది, యాత్రికులంతా దాని ముక్కు రుద్దుతారు. అక్కడ నిలబడి ఉండగా ఫిరంగి పేలింది. జనం ఉలిక్కిపడి, తర్వాత నవ్వుకున్నారు. ఈవిడా నవ్వి పక్కకి తిరిగేసరికి ఆయన లేడు. ఆయనకి ఉబ్బసం. బెదిరితే ఊపిరి ఆడదు. నోట్లో కొట్టుకునే పంపు ఈవిడ సంచిలో ఉంది. క్రితం చలికాలంలో ఇలాగే ఎటో పోయి, ఊపిరాడక పడిపోతే ఆసుపత్రివాళ్ళు బతికించారు. మళ్ళీ అలాంటిది వస్తే చెప్పలేమన్నారట.

పోలీసులకి చెప్పారు. వస్తున్నారు. తిరునాళ్ళ జనంలో ఎంతకి వస్తారో ఎవరు చెప్పగలరు.

ఒక్క ఆశ ఉంది. గైడు మాటలు వినడానికి కంపెనీవాళ్ళు యాత్రికుల మెడలో చిన్న ఫోను తగిలిస్తారు. అది ఎక్కడుంటే రెబ్కా తెర మీద అక్కడ చుక్క కనబడుతుంది. డొరతిది ఒక చుక్క, లెన్‌ది ఒక చుక్క. రెండింటికీ మధ్య వేలెడు దూరం.

"కుక్క విగ్రహం వెనక్కి పెట్టి, పెద్ద రోడ్డు మీద తిన్నగా రండి. ఆయన ముందే ఉన్నారు" అని రెబ్కా ఆమెను నడిపించింది. చుక్క కదిలింది. దగ్గరయింది. ఒక చుక్క మీద ఇంకో చుక్క ఎక్కి కూర్చుంది. రెబ్కా ఊపిరి పీల్చుకుంది.

"మీ పక్కనే ఉన్నారమ్మా."

"లేడు. ఇక్కడ లేడు."

పటంలో ఆ చోట రెండు వీధులు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. "అయితే మూల తిరిగి ఉంటారు. కుడిపక్క వీధిలోకి తిరగండి" అంది రెబ్కా.

"ఇక్కడ మూల లేదమ్మాయ్. పిట్టగోడ ఉంది."

"ఉందండీ. కౌగేట్ అని వీధి. సరిగ్గా చూడండి."

నాకు ఒళ్ళు మండింది, ఆ ముసలావిడ మీద. పటంలో అంత లావున కనబడుతుంటే లేదంటుందేమిటి అనుకున్నాను. రెబ్కా ఆమెను కాస్త ముందుకి నడిపించింది, వెనక్కి నడిపించింది. చుక్కలు విడిపోయేవి, మళ్ళీ ఒకటయ్యేవి. డొరతి ఏడవడం మొదలుపెట్టింది. జనం మధ్యలో నిలబడి లెన్, లెన్ అని అరుస్తోంది. రెబ్కా మెడ మీద చెమట కారుతోంది.

రెబ్కా తన సొంత సెల్‌ఫోనులోంచి లెన్ మెడలో ఉన్న ఫోనుకి కలిపింది. అది దానంతటదే ఎత్తుకుంటుంది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వదినా, ఆయన్ని కదలనీకు. కాస్త ముందుకి పోతే కార్లు."

"నాకు ఇంగ్లీషు యాడొచ్చే?"

"రాకపోతే మానె. ఏదో ఒకటి మాట్లాడు."

చెవి దగ్గర పెట్టుకున్నాను. మనిషి మాట లేదు. ఈల వేసినట్టు ఊపిరి. లోపలికి లాగలేక లాగుతున్న ఊపిరి. "అయ్యా, ఆగయ్యా. మీ ఆవిడ వస్తంది, పంపు తెస్తంది" అన్నాను. ఆయనకేం అర్థమవుతుంది. "నడుస్తన్నాడు వదినా, చుక్క కదులుతంది" అని రెబ్కా గొంతు పెంచింది.

అంగన్‌వాడీలో పిల్ల ఏడుపు మానకపోతే నాకు తెలిసిన మందు ఒక్కటే. పాట అందుకుంటాను. ఇప్పుడూ అదే చేశాను. ఆదివారం గుడిలో పాడుకునే పాట నోటికొచ్చింది. దొరల కాలంలో దొరసానులు నేర్పిన రాగమని మా మామగారు ఇమ్మానియేలు చెబుతుంటారు. మాటలు మనవి. మొదటి చరణం పాడాను. భయంతో రెండో చరణం గుర్తుకు రాలేదు. మళ్ళీ మొదటిదే పాడాను.

"ఆగాడు" అంది రెబ్కా.

అటునుంచి, ఆ ఈల ఊపిరి మధ్యలోనే, సన్నగా రాగం వినిపించింది. మాట లేకుండా, గొంతులోంచి. నాతో కలిసి పాడుతున్నాడు. పాడుతుంటే ఇంకో సంగతి చెవిన పడింది. నా పాట వెళ్ళి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ నా దగ్గరికే వస్తోంది.

మా పల్లె నుంచి పత్తిచేలకి పోవాలంటే సాగర్ కాలవ అడ్డం. కాలవ కింద వాగు పోవడానికి సొరంగం కట్టారు. పత్తి తీసే రోజులకి వాగు ఎండితే అన్నం క్యారియర్లు పట్టుకుని అందులోంచే అవతలికి పోతాం. నెత్తిన కాలవ పారుతుంటుంది, కింద మేం పాడుకుంటూ పోతుంటాం. అక్కడ పాట ఇలాగే మనమీదికే తిరిగొస్తుంది.

"ఏమే, ఈయన సొరంగంలో ఉన్నాడే" అన్నాను. "మన వాగు సొరంగంలో పాడినట్టే ఉంది."

రెబ్కా పటం వైపు చూసింది. రెండు వీధులు దాటే ఆ చోట వేలు పెట్టింది. మా ఊళ్ళ వైపు నేలంతా చాప పరిచినట్టు ఉంటుంది. రోడ్డూ రోడ్డూ దాటాయంటే అది సెంటరే. అటు తిరగొచ్చు, ఇటు తిరగొచ్చు, అక్కడ టీ బంకు ఉంటుంది. మూడేళ్ళుగా అది సెంటరనే అనుకుంది పిచ్చిపిల్ల.

"కింద" అంది. "వీధి కింద వీధుంది వదినా."

హెడ్‌సెట్ సర్దుకుని, "అమ్మా, మీరు వంతెన మీద ఉన్నారు. గోడ మీదుగా కిందికి చూడండి" అంది. డొరతి చూసింది. నూతిలోకి చూసినట్టు కింద ఎక్కడో వీధి, మనుషుల తలలు. లెన్ వంతెన నీడలో ఉన్నాడు, కనబడలేదు. "వెనక్కి కుక్క విగ్రహం దాకా రండి. దాన్ని చుట్టి కుడిపక్క పల్లానికి దిగండి. దిగాక మళ్ళీ కుడికి తిరిగితే వంతెన కిందికే వస్తారు. జనాన్ని తప్పుకోమని గట్టిగా అరవండి, సిగ్గుపడకండి."

అంతలో గాలి ఎత్తుకుంది. కరెంటు పోయింది. నెట్టు పోయింది. తెర మీద చుక్కలు పోయాయి. డొరతి గొంతు కోసేసినట్టు ఆగిపోయింది.

ఇంట్లో చీకటి. రెబ్కా లేచి వచ్చి నా పక్కన నేలమీద కూలబడింది. చెప్పింది మొత్తం ఆమె విన్నదో లేదో తెలియదు. మాకు మిగిలింది నా చేతిలో ఫోను ఒక్కటే. దాన్ని స్పీకర్లో పెట్టాను.

పాడుతూనే ఉన్నాను. లెన్ రాగం ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య ఈల పొడుగవుతోంది. తర్వాత రాగం ఆగింది. ఈల ఒక్కటే. రెబ్కా నా చేయి గోళ్ళు దిగేలా పట్టుకుంది. "నా వల్లే వదినా. ఆ గోడ దగ్గరే తిప్పాను ఆమెని. ఎంతసేపు తిప్పాను" అంటోంది. "ఏడిస్తే చెంప పగిలిద్ది, పాడు" అన్నాను. పాడింది. ఇద్దరం పాడాం. నా గొంతు బొంగురుపోయింది. అటునుంచి ఈల కూడా సన్నగిల్లింది. ప్రభువా, ముక్కూ మొహం తెలియని మనిషి, నా చేతిలో మాత్రం పోనివ్వకు అనుకున్నాను.

చెప్పుల చప్పుడు వినిపించింది. "లెన్" అని ఆడగొంతు. సంచి జిప్పు లాగిన శబ్దం. బుస్సుమని పంపు కొట్టిన శబ్దం, ఒకసారి, మరోసారి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక పెద్ద ఊపిరి, నిండుగా, అడ్డం లేకుండా.

రెబ్కా నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వంటింట్లో టీ మాడి గిన్నె నల్లబడిన వాసన అప్పుడు తెలిసింది.

కరెంటు వచ్చాక డొరతి మళ్ళీ ఫోను చేసింది. నాకోసం రెబ్కా స్పీకర్లో పెట్టి, ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. అంబులెన్సువాళ్ళు చూశారని, ఫర్వాలేదన్నారని చెప్పింది. మనుషుల పేర్లు మరిచిపోయాడు గానీ గుడి పాటలు మరవలేదని చెప్పింది. "బెక్కీ, మీ ఆఫీసు ఏ వీధిలో ఉందమ్మా? ఇప్పుడే వచ్చి నిన్ను కావలించుకుంటాను" అంది.

మామూలుగా ఇలాంటిదానికి కంపెనీ నేర్పిన జవాబు ఒకటి ఉంటుంది. రెబ్కా అది చెబుతుందని చూశాను. ప్రతి మాటా అక్కడ రికార్డవుతుంది. నిజం చెప్పొద్దని చెయ్యి పట్టుకుని తల ఊపాను.

"నా పేరు రెబ్కా అండీ. నేను ఎడింబరోలో లేను. ఇండియాలో, మా ఇంట్లో ఉన్నాను" అంది. "ఆ వంతెన నేను ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే మిమ్మల్ని అంతసేపు గోడ దగ్గర నిలబెట్టేదాన్ని కాదు. క్షమించండి."

తెర మీద సూపర్‌వైజరు మెసేజీ వచ్చి పడింది. రెబ్కా దాన్ని చూడలేదు. డొరతి కోపం వచ్చి ఫోను పెట్టేసిందేమో అనుకున్నాం. ఇంతలో ఫోను చేతులు మారిన చప్పుడయింది. ముసలాయన గొంతు ఏదో అడిగింది, మళ్ళీ అడిగింది.

"ఏమంటన్నాడే?" అన్నాను.

రెబ్కా కళ్ళు తుడుచుకుంది. "రెండో చరణం పాడలేదేమని అడుగుతన్నాడు వదినా."

ఈసారి గుర్తుంది. ఆయన ఇంగ్లీషులో, మేం తెలుగులో, రెండో చరణం పాడాం.