దిమ్మ లేని తాడు

డెబ్భై ఎనిమిదో సంవత్సరం, జనవరి ఇరవై ఆరు, గురువారం. పగలు పదకొండుకి పది నిమిషాలు తక్కువ. టైము నేను చూసింది కాదు, అప్పటికి నాకు గడియారం చూడ్డం రాదు. విజిలు పట్టుకున్న రిఫరీ తన చేతి గడియారం చూసుకుని, "పదకొండుకి పది తక్కువ. ఫైనలు మొదలెడదాం, రండి" అని గట్టిగా అన్నాడు. అందుకని తెలుసు.

పోటీ తాడు లాగుడు. ఒక పక్క మేము, హార్బరు కళాసీలం, ఎనిమిదిమంది. రెండో పక్క ఫైరు వాళ్ళు, ఎనిమిదిమంది. మూడు లాగుళ్ళలో రెండు గెలిచినవాళ్ళది కప్పు. వరసగా మూడేళ్ళు ఆ కప్పు ఫైరు వాళ్ళదే. ఓడల్లోంచి దిగిన యంత్రాలని తాళ్ళతో లాగి లారీ ఎక్కించే మనుషులం మేము. నీళ్ళ గొట్టాలు మోసేవాళ్ళ చేతిలో ఓడిపోవడం ఏమిటని జెట్టీ అంతా నవ్వేది. టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, ఎవడో ఒకడు "ఏటి బావా, ఈ ఏడు కూడా దుమ్ము తింతారా?" అనేవాడు. సంవత్సరమంతా పని చేసినదానికి లేని పరువు ఆ ఒక్కరోజు మీద ఉండేది. పిచ్చి అనుకుంటే అనుకోండి. మాకు అదే ఆట, అదే సినిమా, అదే పండగ.

నేను తాడు లాగేవాణ్ణి కాదు. కేక వేసేవాణ్ణి. మా గ్యాంగులో పని నా గొంతు మీద నడిచేది. బరువుకి తాడు కట్టి లాగేటప్పుడు నేను "హైలో" అంటే అందరూ ఒక్కసారిగా లాగాలి. "లెస్సా" అంటే వదులు చెయ్యాలి, ఊపిరి పీల్చుకుని, చేతులు జరుపుకుని కొత్త పట్టు పట్టాలి. ఆ వదులు చేసిన క్షణంలో బరువు తిరిగి జారిపోకుండా తాడు చివర ఒక మనిషి ఉంటాడు. నేలలో పాతిన ఇనప దిమ్మకి తాడు రెండు చుట్లు చుట్టి బిగబట్టి ఉంచుతాడు. ఆ మనిషి మా బావ, మా అప్ప మొగుడు. అప్ప అంటే నా తోడబుట్టిన పెద్దది. పదేళ్ళపాటు కేక నాది, దిమ్మ ఆయనది.

పోటీలో దిమ్మ ఉండదు. చివరి మనిషి తాడు నడుముకి చుట్టుకుని నిలబడాలి. అక్కడ కూడా మా బావే.

ఆ రోజు ఇళ్ళల్లోవాళ్ళందరూ వచ్చేవారు. ఏడాదికి మాకు అదొక్కటే షికారు. గోపాలపట్నంలో పొద్దున్నే బస్సెక్కి, కేరేజీల్లో పులిహోర, వేపుడు చేపలు పట్టుకుని గ్రౌండుకొచ్చి షామియానా కింద కూర్చునేవారు. పోటీలయ్యాక తిని, సాయంత్రం బీచికి నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు కూడా అలాగే బయల్దేరాం. బావ గ్యాంగుతో ముందు వెళ్ళిపోయాడు. బస్సులో అప్ప నా పక్క సీట్లో కూర్చుని, కేరేజీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"తమ్ముడా, మీ బావకి గజ్జల్లో పేగు జారింది. మూడు నెలలై నా కాడ దాసేత్తన్నాడు. మొన్న తానం సేత్తంటే సూసేసినాను. కోడిగుడ్డంత ఉబ్బు. కాంపౌండర్ని అడిగినాను. బరువు లాగితే ఇరుక్కుపోద్దంట. ఇరుక్కుంటే మనిసి దక్కడంట."

"మరి నువ్వు సెప్పలేకపోయినావా?"

"నాను సెప్తే ఇంటాడా? నీ మాట ఇంటాడు. ఇయ్యాల తాడు ముట్టుకోనీకు."

గ్రౌండులో నీళ్ళ ట్యాంకరు వెనక బావని పట్టుకున్నాను. నడుముకి తువ్వాలు బిగించుకుంటున్నాడు.

"బావా, ఈ ఏడు నువ్వొద్దు. ఎలమంచిలోణ్ణి ఎనకాల నిలబెడదాం."

నా మొహం చూశాడు. "మీ అప్ప సెప్పిందా?"

"ఎవులు సెప్తే ఏటి?"

"ఒరే బామ్మర్దీ, ఇను. వచ్చే నెల మెడికలంట. డాక్టరు లుంగీ ఇప్పమంటాడు, సూత్తాడు, గేటుకాడ కాపలా కుర్సీలో కూకోబెడతాడు. కూకుంటాను. కాదన్ను. కానీ ఆ కుర్సీలోకి ఓడిపోయినోణ్ణి ఎల్లను. ఇయ్యాల కప్పు గావాల. నువ్వు కేకెయ్యి, నాను నిలబడతాను. అంతే."

"సచ్చిపోతే?"

"సత్తే గెలిసి సత్తాను. మూసుకుని పద."

అప్పుడే రిఫరీ ఆ మాట అన్నాడు, పదకొండుకి పది తక్కువని. నేను ఏమీ చెయ్యలేకపోయాను. నిజం చెప్పాలంటే, గెలవాలని నాకు కూడా ఉంది. అది దాచను.

మొదటి లాగుడు. తాడు మధ్యలో ఎర్రగుడ్డ కట్టి ఉంది, నేల మీద రెండు పక్కలా సున్నం గీతలు. ఎర్రగుడ్డ ఎవరి గీత దాటి వస్తే వాళ్ళది గెలుపు. నేను తాడు పక్కన నడుస్తూ "హైలో" అన్నాను. గుడ్డ గజం దూరం మా వైపు వచ్చింది. జనం లేచి అరిచారు. "లెస్సా" అన్నాను. మావాళ్ళు వదులు చేసి చేతులు జరుపుకున్నారు. ఆ ఊపిరి తీసే సందులో ఫైరు వాళ్ళు మడమలు నేలలో దిగేసి వెనక్కి వాలి లాగేశారు. నాలుగు హైలోలు, నాలుగు లెస్సాలు, అయిపోయింది. మావాళ్ళు బోర్లాపడ్డారు. షామియానాలోంచి ఎవడో "లెస్సా! లెస్సా!" అని వెక్కిరించాడు. మూడేళ్ళూ ఇలాగే ఓడిపోయాం. ఎందుకు ఓడిపోతున్నామో మాకు తెలీదు. తిండి చాలట్లేదనుకున్నాం, దిష్టి అనుకున్నాం, ఒక ఏడు చెప్పులు మార్చాం.

తాళ్ళ గోడౌన్లో పనిచేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. పాత ఊరి సాయిబు, తెగిన తాళ్ళు పేని అతుకులు వేసేవాడు. అందరం చాచా అనేవాళ్ళం. పోటీ తాడు తెచ్చింది ఆయనే. నన్ను వేలితో పిలిచాడు.

"అరే బేటా, మీరు పని సేత్తన్నారు. ఆట ఆడట్లేదు."

"అంటే?"

"పనిలో వదిలితే దిమ్మ పట్టుకుంటాది. ఇక్కడ దిమ్మ ఏదిరా? నువ్వు లెస్సా అన్నప్పుడల్లా ఆళ్ళకి గజం దానం సేత్తన్నావ్. ఆ మాట మర్సిపో. హైలో అను, పట్టు అను. లాగు, పట్టు. లాగు, పట్టు. బస్."

ఇంత చిన్న సంగతి మూడేళ్ళు ఒక్కడికీ తట్టలేదు. గ్యాంగుని దగ్గరకి పిలిచి చెప్పాను. "లెస్సా అనను. పట్టు అంటాను. పట్టు అంటే ఒక్క ఏలు కూడా వదలకండి."

వెనకనుంచి బావ అన్నాడు, "అంటే మద్దెలో వదులుండదు."

"ఉండదు."

"మంచిదే."

వదులుంటే చిటికెలో ఓడిపోతాం, బావ బతికిపోతాడు. వదులు లేకపోతే ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలీదు. అంతసేపూ ఆయన పొట్ట బిగబట్టి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. పేగు జారిన మనిషికి చెయ్యకూడని పని అదొక్కటే.

రెండో లాగుడు చాలాసేపు నడిచింది. హైలో, పట్టు. హైలో, పట్టు. ఫైరు వాళ్ళకి సందు దొరకలేదు. వాళ్ళ ముందు మనిషి మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. బెత్తెడు బెత్తెడు చొప్పున ఎర్రగుడ్డ మా గీత దాటింది. గ్రౌండు దద్దరిల్లింది. కళాసీలు ఒకరినొకరు ఎత్తుకున్నారు. బావ ఎవరి దగ్గరా ఆగలేదు. వంగి నడుచుకుంటూ ట్యాంకరు వెనక్కి వెళ్ళాడు.

నేను వెళ్ళేసరికి వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు ముడిచి, వేళ్ళతో గజ్జల్లోకి నొక్కుకుంటున్నాడు. మొహం అంతా చెమట. కాసేపటికి చెయ్యి తీశాడు.

"లోనకెల్లిపోయింది. సూసినావా? ఏటీ అవలేదు."

"బావా, సాలు."

"ఇంకొక్కటే. నోరు మెదిపినావంటే నీకు నాకు సెల్లు."

తువ్వాలు ఇంకా బిగించుకుని వెళ్ళిపోయాడు. నేను తిరిగొస్తుంటే అప్ప కంచె తాడు దగ్గరకి వచ్చి నిలబడింది. కేరేజీ ఇంకా చేతిలోనే ఉంది.

"ఒరే, నాను అరిసేత్తాను. ఆ మైకులో సెప్పించేత్తాను."

"అప్పా, అంతమంది ముందు అలా సేత్తే నిన్నొగ్గేత్తాడు, నన్నూ ఒగ్గేత్తాడు."

"ఒగ్గీనీ. బతికుండి ఒగ్గీనీ."

"నాను సూసుకుంటాను. ఎల్లి కూకో."

"ఎలా సూసుకుంటావ్?"

"సూసుకుంటానన్నాను కదా!" అని కసిరాను. ఎలాగో నాకు తెలీదు.

మూడో లాగుడు. ఎండ నడినెత్తికి వచ్చింది. మొదట గుడ్డ అటూ ఇటూ కదల్లేదు. ఫైరు వాళ్ళు కూడా పట్టుదల మీద ఉన్నారు. హైలో, పట్టు. తాడు కిర్రుమంటోంది. తర్వాత బెత్తెడు మా వైపు వచ్చింది. మరో బెత్తెడు. నేను వెనక్కి నడుస్తూ బావ ఎదురుగా వచ్చాను. మిగతా ఏడుగురూ ముందుకి చూస్తున్నారు. బావ వాళ్ళందరి వెనక ఉన్నాడు. ఆయన మొహం నాకొక్కడికే కనిపిస్తోంది. నల్లటి మనిషి బూడిదరంగుకి తిరిగాడు. పళ్ళ మధ్యనుంచి ఒక చప్పుడు వస్తోంది, దూడ మూలిగినట్టు. ఎడం చెయ్యి తాడు వదిలి గజ్జల మీదకి వెళ్ళింది, మళ్ళీ తాడు మీదకి వచ్చింది. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆపొద్దని.

గుడ్డకి గీతకి జానెడు దూరం. జనం నిలబడిపోయారు. అరుపులు ఆగిపోయాయి. "హైలో" అన్నాను. లాగారు. జానెడు బెత్తెడైంది. ఒక్క పట్టు, ఇంకొక్క లాగు. అంతే. "పట్టు" అనే మాట నాలిక మీద తయారుగా ఉంది.

"లెస్సా" అన్నాను.

ఒక్కడూ ఆలోచించలేదు. పదేళ్ళుగా విన్న మాట. ఏడుజతల చేతులూ ఒక్కసారి వదులయ్యాయి. ఫైరు వాళ్ళు ఒక్క లాగుకి అందర్నీ ఈడ్చేశారు. ఎర్రగుడ్డ వాళ్ళ గీత దాటిపోయింది. బావ నడుముకి ఉన్న తాడుతో పొట్ట మీద రెండు బారలు జారి ఆగాడు.

మావాళ్ళు నా మీదకి వచ్చారు. తగరపువలస మనిషి నా కాలరు పట్టుకున్నాడు. "ఏట్రా అది? ఏటన్నావ్? బుర్ర ఉందా?"

"అలవాటులో వచ్చేసింది" అన్నాను.

నమ్మారు. వాళ్ళ చేతులు కూడా అలవాటుగానే కదా వదిలేశాయి. తిట్టారు, ఉమ్మేశారు, కానీ నమ్మారు. బావ నమ్మలేదు. నేల మీదనుంచే నన్ను చూశాడు. లేవబోయాడు, లేవలేకపోయాడు. ఈసారి ఉబ్బు లోపలికి వెళ్ళలేదు. వాంతి చేసుకున్నాడు. అప్ప కంచె దాటి పరిగెత్తుకొచ్చింది. కప్పు తీసుకోవలసిన ఫైరు వాళ్ళే కప్పు అక్కడ వదిలేసి తమ జీపు తెచ్చి, బావని ఎక్కించి ఆసుపత్రికి పట్టుకెళ్ళారు. మధ్యాహ్నమే కోసి కుట్టారు. బతికాడు.

తాడు వదిలేసిన కుదుపుకే పేగు ఇరుక్కుందని బావ మాట. ఇంకొక్క పట్టు పట్టి ఉంటే గ్రౌండులోనే పోయేవాడని అప్ప మాట. డాక్టరుని అడిగితే, అదీ అవ్వచ్చు, ఇదీ అవ్వచ్చు అన్నాడు. నాకూ తెలీదు. తెలిసినట్టు రాయను.

బావని గేటు దగ్గర కుర్చీలో వేశారు. ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. మా ఇంటికి వచ్చేవాడు, పెట్టింది తినేవాడు, మా ఆవిడతో, పిల్లలతో మాట్లాడేవాడు, నేను ఎదురుగా కూర్చుంటే గోడతో సమానం. తర్వాత మాటలు కలిశాయి. అయినా ఎప్పుడైనా ఇద్దరమే ఉంటే ఒకటే అడిగేవాడు. "అలవాటుగా అన్నావా, కావాలని అన్నావా?" నేను ప్రతిసారీ అలవాటుగానే అన్నాను అనేవాణ్ణి. మరుసటి ఏడు మా గ్యాంగు లెస్సా లేకుండా లాగి కప్పు గెలిచింది. కేక వేసింది నేను కాదు. నన్ను ఎవరూ వద్దనలేదు. నేనే మానుకున్నాను.

కావాలనే అన్నాను. ఇదిగో, రాశాను. ఆయనకి చదవడం రాదు, ఎవరో చదివి వినిపిస్తారు. వినిపించనీ. మళ్ళీ ఏడాదిన్నర మాట్లాడకపోయినా సరే.

ఆ రోజు అక్కడ లేనివాళ్ళు కూడా ఇప్పుడు చూసినట్టే చెప్పుకుంటున్నారు. అందుకని ఉన్నవాళ్ళని రాస్తున్నాను. తాడు ముందు తగరపువలస మనిషి. ఆయన వెనక భీమిలి బావా బామ్మర్దులు ఇద్దరు. తర్వాత మా వీధి చివరింటి ఆయన. తర్వాత మాటలు రాని, వినపడని మనిషి, ఆయన ముందువాళ్ళ చేతులు చూసి కేక అందుకునేవాడు. తర్వాత మా గ్యాంగు మేస్త్రి. తర్వాత ఎలమంచిలోడు. అవతల ఫైరు వాళ్ళు ఎనిమిదిమంది, వాళ్ళ జీపు డ్రైవరు. విజిలు పట్టుకున్న రిఫరీ. మైకు దగ్గర గుమాస్తా. చాచా, పోటీ అయ్యాక తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. షామియానా కింద మా ఆవిడ, మా ఇద్దరు పిల్లలు, కళాసీల ఇళ్ళవాళ్ళు ఓ నలభై మంది. కంచె దగ్గర మా అప్ప. తాడు చివర మా బావ. పక్కన నేను.