రాణి ఫోన్ కోసం వెతుకుతున్న కంప్యూటర్

చనిపోయిన నా కూతురు రాణి ఫొటోలన్నీ దాని కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆన్ చేస్తే తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని ఈ రోజు డ్యూటీ అయ్యాక ఇక్కడ గల్ఫ్‌లో, ముహర్రక్‌లోని రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ పనిచేసే నిజామాబాద్ కుర్రాడు, కంప్యూటర్ తను చేసే ప్రతి పనీ రాసుకునే లాగ్ తెరిచి చూశాడు.

“అక్కా, ఆన్ గాంగనే ఇది ‘రాణి ఫోన్’ అని ఒకదాన్ని దేవులాడుతున్నది. దొరకలేదని రోజూ రాస్తున్నది. ఏడుంది ఆ ఫోన్?”

“యాక్సిడెంట్‌లో నా కూతురితోపాటే పోయింది తమ్ముడూ.”

అతను తెర మీద ఆ లైను చూపించాడు. “దీన్ని తీసేస్తే జల్ది ఆన్ అయితది అక్కా. తీసెయ్యాల్నా?”

“వద్దులే. ఎతుక్కోనీ పాపం.”

అలాగే తెచ్చేసుకున్నాను. బాగుచేయించడానికని వెళ్ళి ఉత్తినే మోసుకొచ్చానని రూములో వాళ్ళు విసుక్కున్నారు. పొద్దున్న లేవగానే నేను చేసేదీ ఆ కంప్యూటర్ చేసే వెతుకులాటే అని వాళ్ళకెలా చెప్పను? మీరైతే తీయించేవారా?